నాప్కిన్ల కింద స్కోన్లు

ఆ వేసవిలో మా టీరూమ్‌కి వచ్చేవాళ్లు తిండి వదిలేసి పోవడం మొదలుపెట్టారు. బల్లలు తుడిచేవాణ్ణి కాబట్టి నాకే ముందు తెలిసింది. కప్పులు ఖాళీగా ఉండేవి. పళ్లేలు కూడా పైనుంచి చూస్తే తినేసినట్టే ఉండేవి, పేపరు నాప్కిన్ చక్కగా విప్పి పరిచి ఉండేది. అది ఎత్తితే కింద ఒక్క కాటు కొరికిన స్కోను, అదే, టీతో తినే గుండ్రటి చిన్న రొట్టె, దాని మీద మీగడా జామూ పూసినవి పూసినట్టే. మా ఊళ్లో మర్యాదస్తులు తినలేని తిండిని ఇలాగే దాస్తారు. వండినవాళ్ల మనసు నొప్పించడం కన్నా తమ కడుపు మాడ్చుకోవడం సుఖమనుకునే రకం మేము. ఒకరోజు కిటికీ దగ్గర పూలకుండీలో, మట్టి కింద నిమ్మకేకు ముక్క దొరికింది. పాపం ఎవరో చెంచాతో గొయ్యి తవ్వి మరీ పూడ్చిపెట్టారు.

సాల్స్‌బరీ బస్సుల్లో ఇరవై ఏడేళ్లు కూర్చుని డ్రైవరు పని చేశాను. కూర్చోవడం ఎంత భోగమో దిగాక తెలిసింది. రిటైరయ్యాక మా ఆవిడ ఆవ్రిల్ నడిపే టీరూమ్‌లో ట్రే పట్టుకున్నాను. హై స్ట్రీట్ పక్క సందులో పద్దెనిమిదేళ్లుగా అవే తొమ్మిది బల్లలు, పైన రెండు గదుల్లో మా కాపురం. వంట ఆవిడది, వడ్డన నాది. జీతం లేదు, కాళ్ల వాపు ఉంది. కెథీడ్రల్ చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ సరిగ్గా పదకొండింటికే ఆకలేస్తుంది. అందరికీ కిటికీ పక్క బల్లే కావాలి. మధ్యాహ్నానికి నా పాదాలు నావి కానట్టుండేవి.

పైగా నాకు షుగరు. డాక్టరమ్మ కేకుల పేరెత్తొద్దంది. నాలుగేళ్లుగా ఆవ్రిల్ చేసినవి జనానికి మోశానే గాని నోట్లో వేసుకుని ఎరగను. అందుకే నాప్కిన్ల సంగతి నా బుర్రకెక్కలేదు. ఆడవాళ్లు నడుములు చూసుకుంటున్నారు, మగవాళ్లకి గుండె భయం పట్టుకుంది, అంతేలే అనుకున్నాను. బిల్లు తెచ్చి "అంతా బాగుందాండీ?" అని అడిగితే ఒక్కరూ మొహం తిప్పుకోలేదు.

"చాలా బాగుందండీ, థాంక్యూ. కడుపు నిండిపోయింది, అంతే."

సాయంత్రం తలుపు మీద బోర్డు తిప్పేశాక ఆవ్రిల్ వంటగదిలోంచి వచ్చేది, చేతులు తుడుచుకుంటూ.

"ఏమన్నారు ఇవాళ?"

"చాలా బాగుందన్నారు."

తల ఊపి ఆప్రాన్ విప్పేది. నేను ట్రే పట్టిన నాలుగేళ్లుగా మా రోజు అలాగే ముగిసేది.

జూన్‌లో హార్డింగ్ లీజు కాగితాలు తెచ్చాడు. బిల్డింగువాళ్ల తరఫున వచ్చే ఏజెంటు అతను, ఎప్పుడూ గొడుగు పట్టుకునే ఉంటాడు. సెప్టెంబరు నెలాఖరుకి పాతది అయిపోతుంది, సంతకం పెడితే మరో పదేళ్లు. ఆవ్రిల్ కాగితాలు మడిచి బిస్కెట్ల డబ్బాలో పెట్టింది.

"డెబ్బై రెండొచ్చేదాకా చేస్తాను. ఆ తర్వాత నన్ను బయట కుర్చీలో కూర్చోబెట్టి మెడలో మెనూ తగిలించు" అంది.

"నన్నెక్కడ కూర్చోబెడతావ్?"

"నువ్వు కూర్చోవు రోలాండ్. నీకు బల్లలున్నాయి."

నిజం చెప్పాలంటే ఆ పదేళ్ల మాట వినగానే నాకు నీరసం వచ్చింది. నాకు కావలసిందల్లా నది ఒడ్డున ఒక బెంచీ, దాని మీద నేను. కాని ఆ వంటగది ఆవ్రిల్‌కి ఎంతో నాకు తెలుసు. పిల్లలు లేరు. వాళ్ల అమ్మని చూసుకుంటూ ఆరేళ్లు ఇంట్లో మగ్గిపోయాక, ఆవిడకంటూ దొరికిన చోటు అది. తెల్లారి ఐదింటికి ఓవెన్ వెలిగించేటప్పుడు ఉన్నంత కులాసాగా ఆవిడ ఇంకెప్పుడూ ఉండేది కాదు. అది లాక్కుని నా బెంచీ మీద నేను కూర్చోలేను.

జనం మెల్లగా పలచబడ్డారు. ప్రతి మంగళవారం వచ్చే మిసెస్ థ్రెషర్ మాత్రం మానలేదు. చిన్నపిల్లల బడిలో టీచరుగా చేసి మానేసిన పెద్దావిడ, వెన్ను ఇప్పటికీ స్కేలులా నిటారుగా ఉంటుంది. ఆవిడ పళ్లెంలో నలుసు కూడా మిగిలేది కాదు. రెండు కెటిళ్ల టీ తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు అడిగేది. ఎండ కదా అనుకున్నాను.

*

జులై మొదటి మంగళవారం పొద్దున, తలుపు తెరవకముందే సంతకి వెళ్లాను. చేపలమ్మే గోర్డన్ నన్ను దూరం నుంచే చూశాడు. వాడూ నేనూ ఒకే బడి.

"ఏం గురూ, కాళ్లీడుస్తున్నావ్. మీ ఆవిణ్ణి అడిగి ఒక బస్సు కొనిపించుకోరాదూ? బల్లల మధ్య తిప్పుకుంటావ్."

"నోరు మూసుకుని రెండు చేపలు కట్టు."

కట్టాడు. కట్టినవాడు ఇవ్వకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"ఒకటి అడుగుతా. కోప్పడవుగా?"

"నీ మీద కోప్పడే ఓపిక నాకెక్కడిది?"

"ఆవ్రిల్ ఒంట్లో బాగానే ఉందా?"

"నాకన్నా బాగుంది. ఎందుకు?"

"మొన్న శనివారం మా చెల్లెలు పిల్లల్ని తీసుకుని మీ దగ్గరికొచ్చింది. స్కోను నోట్లో పెట్టుకుంటే సముద్రంలో మునిగి లేచినట్టుందిట."

"మీ చెల్లెలు నాకు గుర్తుంది. చాలా బాగుందని చెప్పి, చేయి కలిపి మరీ వెళ్లింది."

"మరి చెప్పదా? మా అమ్మ పెంపకం అలాంటిది" అన్నాడు గోర్డన్. తర్వాత గొంతు తగ్గించాడు. "అదొక్కత్తే కాదురా. కూరగాయల పామెలా, తాళాలు బాగుచేసే ముసలాయన, అందరూ అంటున్నారు. ఏప్రిల్ నుంచీ అంతేట. మీ ఇద్దరికీ తప్ప ఊరందరికీ తెలుసు."

చేపలు తీసుకుని ఇంటికొచ్చాను. ఆవ్రిల్ పైన కాళ్లు చాపుకుని ఉంది. కౌంటరు మీద గాజు మూత కింద పొద్దుటి స్కోన్లు ఉన్నాయి, ఎప్పట్లాగే గుండ్రంగా, పైన బంగారు రంగులో. ఒకటి విరిచి తిన్నాను. నాలుగేళ్ల తర్వాత తిన్న మొదటి స్కోను అది. ఉప్పు. ఉప్పు వెనకాల వంటసోడా చేదు. సింకు దగ్గరికి పోయి ఉమ్మేసి, నోరు మూడుసార్లు పుక్కిలించాను. పూలకుండీలో కేకు పూడ్చిన మనిషి మీద నాకు అప్పుడు గౌరవం కలిగింది.

పైకి వెళ్లి చెప్పేస్తే అక్కడితో అయిపోయేది. మెట్ల దాకా వెళ్లాను. అక్కడ మా అత్తగారు గుర్తొచ్చింది.

ఆవిడకీ వంటగదిలోనే మొదలైంది. ఒక ఆదివారం గ్రేవీలో చక్కెర పోసింది. అందరం నవ్వుకున్నాం. మరుసటేడు బూట్లు ఓవెన్లో పెట్టింది. ఆ పై ఏడు కన్నకూతురి మొహం చూసి "మీరెవరమ్మా, నర్సా?" అని అడిగింది. అప్పుడు మా అత్తగారికి అరవై నాలుగు. ఇప్పుడు ఆవ్రిల్‌కి అరవై రెండు. తల్లిని పాతిపెట్టి వచ్చిన రోజు, నల్ల కోటు ఇంకా విప్పకుండానే, ఆవ్రిల్ నాతో ఒక మాట అంది. "నాకూ అలా మొదలైతే ముందు నువ్వే కనిపెడతావ్. మొహమాటపడకు. నాకు చెప్పేయ్." సరే అన్నాను. చెయ్యి పట్టుకుని మరీ సరే అన్నాను.

మెట్ల మొదట్లో నిలబడి, నోట్లో ఇంకా ఆ ఉప్పుతో, నా వల్ల కాదనుకున్నాను.

ఆ సాయంత్రం బోర్డు తిప్పాక ఆవిడ వచ్చింది.

"ఏమన్నారు ఇవాళ?"

"చాలా బాగుందన్నారు" అన్నాను.

*

అబద్ధం ఒకసారి ఆడితే సరిపోదు, దానికి రోజూ పొద్దున్నే లేచి చాకిరీ చెయ్యాలి. ఆవ్రిల్ ఎనిమిదింటికి ట్రేలన్నీ దింపి, స్నానానికి పైకి వెళ్లేది. కిందికి వచ్చేసరికి గంట పట్టేది. ఆ గంట నాది. ఆవిడ చేసినవన్నీ సంచిలో వేసుకుని, కారు తీసుకుని ఊరి చివర సూపర్ మార్కెట్‌కి పోయేవాణ్ణి. కార్ పార్కులో చెత్తడబ్బా ఉంది. సంచి అందులో వెయ్యాలి. అప్పటికింకా వెచ్చగా ఉండేవి. పక్క సీట్లో పెడితే సీటు కూడా వెచ్చబడేది. పదిహేనేళ్లప్పటి నుంచి పనిచేస్తున్నాను, అంత సిగ్గుపడ్డ పని ఇంకోటి చెయ్యలేదు.

తర్వాత లోపలికి వెళ్లి స్కోన్లు కొనేవాణ్ణి. అంచులు గీతలుగా ఉన్నవి కాకుండా, నున్నగా ఉన్నవే ఏరేవాణ్ణి. నిమ్మకేకు కూడా అక్కడిదే. గల్లా దగ్గర అమ్మాయికి నేను అలవాటైపోయాను.

"ఏంటండీ, మీ ఇంట్లో రోజూ పార్టీయేనా?"

"మాకు చుట్టాలెక్కువ" అన్నాను.

"అదృష్టవంతులు."

సూప్ మాన్పించడానికి ఎండ సాయం చేసింది. ఈ వేడికి సూప్ ఎవరడుగుతారు, శాండ్‌విచ్‌లు చాలు, అవి నేను చేస్తాను అన్నాను. ఆవ్రిల్ నా వైపు కొంచెం వింతగా చూసింది. ముప్పై ఆరేళ్ల కాపురంలో నేను అడిగి తీసుకున్న మొదటి పని అది.

వారం తిరిగేసరికి పళ్లేలు శుభ్రంగా రావడం మొదలైంది. నాప్కిన్లు నలిపి పక్కన పడేస్తున్నారు, కింద దాచడానికేమీ లేదు. బిల్లు ఇచ్చి అడిగితే ఎప్పటి మాటే. "చాలా బాగుందండీ, థాంక్యూ." అదే గొంతు, అదే నవ్వు. ఉప్పుముద్దకీ అదే మాట, ఫ్యాక్టరీ సరుకుకీ అదే మాట. మరి అంతకుముందు పద్దెనిమిదేళ్లు, ఆవిడ చేతి స్కోన్లు నిజంగా దివ్యంగా ఉన్న రోజుల్లో, జనం అన్నదీ ఇదే కదా. ఆ సంగతి తట్టాక నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలీదు. టీ కెటిల్ గట్టిగా పెట్టేసరికి బల్ల దగ్గరి జర్మన్ దంపతులు ఉలిక్కిపడ్డారు.

ఆ రోజుల్లోనే ఆవ్రిల్ కొత్త అలవాటొకటి పెట్టుకుంది. మొదటి ట్రే దించగానే ఒక స్కోను కొన విరిచి నాకిచ్చేది.

"నాకు షుగరే తల్లీ."

"గోరంత ముక్క. ఏం కాదు. తిని చెప్పు."

తినేవాణ్ణి. కొన్ని రోజులు ఉప్పు ఎక్కువ, కొన్ని రోజులు సోడా, ఒకరోజు రెండూ. నమిలి మింగి, "బాగుంది" అనేవాణ్ణి. ఆవిడ నా కళ్లలోకి చూసేది కాదు. నా నోటి వైపే చూసేది. పాపం, ఈ వయసులో మెచ్చుకోలు కోసం మొహం వాచిందనుకున్నాను. అంతకు మించి ఆలోచించే శక్తి నాకు లేదు. ఐదింటికి లేవడం, కారు, చెత్తడబ్బా, చుట్టాల కథ, ఆపైన తొమ్మిది బల్లలు. రాత్రి మంచం మీద వాలితే బూట్లు విప్పుకున్నానో లేదో కూడా గుర్తుండేది కాదు.

ఆగస్టులో సందు మలుపు దాకా క్యూ వచ్చింది. ఆవ్రిల్ మొహం తేటపడింది. మునుపటికన్నా రెండు ట్రేలు ఎక్కువ చేస్తానంది. నేను ఇంకో సంచి కొన్నాను.

*

ఆగస్టు నెలాఖరున మా పెళ్లిరోజు. ఆవ్రిల్ బయట తిందామంది. ఎవరో వండి ఎవరో మోసుకొస్తే కూర్చుని తిని ఏడాది దాటింది. హార్నమ్ వైపు, నీళ్ల పక్కన ఒక పబ్బుకి వెళ్లాం. ఆవిడ పిండి పొరలో మాంసం కూరి కాల్చే ‘పై’ చెప్పింది, నేను వేపుడు గొడ్డుమాంసం చెప్పాను. ఆవిడ నీలం గౌను వేసుకుంది. చాలాకాలం తర్వాత ఇద్దరం ఒకేసారి కూర్చున్నాం, నాకైతే అదే విందు.

నా పళ్లెంలో ముక్క కత్తికి లొంగలేదు. రెండు చేతులా కోస్తుంటే వడ్డించిన అమ్మాయి వచ్చింది.

"అంతా బాగుందాండీ?"

"చాలా బాగుందమ్మా" అన్నాను నేను. "చాలా బాగుంది" అంది ఆవ్రిల్. అమ్మాయి వెళ్లిపోయింది.

"నీది ఎలా ఉంది?" అంది ఆవ్రిల్.

"బూటు అడుగు."

"మరి ఆ పిల్లకి చెప్పలేదే?"

"చెప్తే అదేం చేస్తుంది, వండింది అది కాదుగా."

ఆవిడ నవ్వింది. కాస్సేపటికి తన పళ్లెం నా వైపు జరిపింది. "ఇది కొంచెం తిని చెప్పు."

"నువ్వు తింటున్నావుగా."

"నువ్వు చెప్పు."

తిన్నాను. "బాగుంది."

"ఎలా బాగుంది?"

"పై ఎలా బాగుంటుంది? పైలా బాగుంది."

"ఏమేం ఉన్నాయి లోపల? ఏ ఆకు వేశాడు?"

"ఆవ్రిల్, మనం పరీక్ష రాయడానికొచ్చామా?"

ఆవిడ పళ్లెం వెనక్కి తీసుకుని, మిరియాల పొడి డబ్బా తిప్పి ఇంతకింత చల్లుకుంది. నీళ్ల వైపు చూస్తూ సగం తిని, ఫోర్కు పెట్టేసింది. అప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఐదింటికి లేవాలన్న ధ్యాసలోనే ఉన్నాను.

ఇంటికి నడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "వచ్చే వారం సంతకం పెట్టేస్తాను" అంది. "మంచిది" అన్నాను.

*

ఆ వచ్చే మంగళవారం మిసెస్ థ్రెషర్ ఎప్పట్లాగే వచ్చింది. స్కోను తింది. టీ ఒక్క కెటిలే తాగింది. ఆ సమయానికి ఆవ్రిల్ ఏదో పని మీద వంటగదిలోంచి కౌంటరు దగ్గరికి వచ్చింది. మిసెస్ థ్రెషర్ ఆవిణ్ణి చూసి ముచ్చటపడింది.

"చెప్పాలి ఆవ్రిల్, మళ్లీ మునుపటి చెయ్యి వచ్చేసింది మీకు. మేమంతా ఎంత బెంగపడ్డామో."

"బెంగేమిటండీ?" అంది ఆవ్రిల్.

మిసెస్ థ్రెషర్ మెడ దాకా ఎర్రబడింది. పిల్లల్ని నలభై ఏళ్లు అబద్ధాలాడొద్దని కొట్టిన మనిషి. "అబ్బే, ఏం లేదు. అప్పుడూ చాలా బాగున్నాయి. ఎప్పుడూ బాగుంటాయి." పర్సు తెరిచి, గ్లోవ్ కింద పడేసుకుని, తీసుకుని, వెళ్లిపోయింది.

నేను ట్రేతో అక్కడే ఉన్నాను. ఆవ్రిల్ నా వైపు చూడలేదు. కౌంటరు మీద ఉన్న స్కోన్లలో ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి, అడుగు చూసింది. తిరిగి దాని చోట పెట్టి, గాజు మూత వేసి, ఏమీ లేనిచోట గుడ్డతో తుడిచింది. ఆ సాయంత్రం ఏమన్నారని అడగలేదు. ఆప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించి, తలనొప్పిగా ఉందని పైకి వెళ్లింది.

మర్నాడు పొద్దున మొదటి ట్రే దింపింది. ఎప్పట్లాగే కొన విరిచింది. గోరంత కాదు, ఈసారి పెద్ద ముక్క.

"తిని చెప్పు."

నోట్లో పెట్టుకున్నాను. నాలుక కాలినట్టైంది. నమిలాను. మింగాను. మొహం ఏ మాత్రం మారకుండా మింగడం ఆ వేసవిలో నేను నేర్చుకున్న విద్య.

"బాగుంది" అన్నాను. "ఎప్పట్లాగే."

ఆవ్రిల్ స్టూలు లాక్కుని కూర్చుంది. ఓవెన్ ఇంకా మండుతూనే ఉంది.

"అందులో మూడు చెంచాల ఉప్పు వేశాను. కొలిచి వేశాను."

నేను గ్లాసుతో నీళ్లు పట్టుకున్నాను. తాగడానికి ధైర్యం చాలలేదు.

"మార్చిలో ఆ జ్వరం వచ్చింది చూడు" అంది. "అప్పట్నుంచి నాకు వాసన లేదు, రుచి లేదు. ఏది తిన్నా అట్టముక్కే. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు."

"రుచి లేదా?"

"లేదు."

"అంతేనా?"

"అంతేనా ఏమిటి?"

నేను ఇంకో స్టూలు మీద కూలబడ్డాను. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే, దాచుకోను. రుచి లేకపోతే పోయింది, బుర్ర ఉంది. నా పేరు తెలుసు. "నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే మూసేద్దామంటావ్. నీ కాళ్ల సంగతి నాకు తెలీదా? లీజు సంతకం అయ్యేదాకా ఆగుదామనుకున్నా. చేతులకి అలవాటు ఉంది, తప్పితే నువ్వున్నావు అనుకున్నా. అందుకే రోజూ నీ నోట్లో పెట్టాను. నా నాలుక పోతే నీ నాలుక ఉందనుకున్నా." ట్రే వైపు చూసింది. "నా స్కోన్లు ఏం చేస్తున్నావ్?"

చెప్పాను. సంచి, చెత్తడబ్బా, గల్లా అమ్మాయి, అంతా చెప్పాను. ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని విన్నది.

"ఎందుకు రోలాండ్?"

"మీ అమ్మలాగా అయిపోతున్నావనుకున్నాను."

పాలవాడు సీసాలు గుమ్మంలో పెట్టి వెళ్లాడు.

"అలా అనుకుని కూడా చెప్పలేదా?" అంది.

కేకలేస్తే బాగుండేది. ట్రే విసిరికొట్టినా బాగుండేది. ఓవెన్ ఆర్పి, లేచి, గుమ్మంలో పాలసీసాలు లోపలికి తెచ్చింది.

*

మిగిలిన మూడు వారాలూ ఆవ్రిల్ తక్కెడ తెచ్చి పెట్టుకుంది. పాత నోటుపుస్తకం తీసి ఉప్పు, సోడా, చక్కెర అన్నీ గ్రాముల్లో తూచి చేసింది. స్కోన్లు మునుపటిలాగే వచ్చాయి. నేను తిన్నాను, నాకు తెలుసు. సూపర్ మార్కెట్‌కి వెళ్లడం మానేశాను. పళ్లేలు శుభ్రంగా వచ్చాయి. ఇంక అంతా సర్దుకుందనుకున్నాను. పదేళ్ల చాకిరీకి కూడా నా మనసు ఒప్పుకుంది. అంత పెద్ద తప్పుకి పదేళ్లు ట్రే మొయ్యడం ఏపాటి శిక్ష?

సెప్టెంబరు ఇరవై ఆరున హార్డింగ్ గొడుగుతో వచ్చాడు. ఆవ్రిల్ బిస్కెట్ల డబ్బాలోంచి కాగితాలు తీసి, సంతకం లేకుండానే అతని చేతిలో పెట్టింది.

"అదేమిటండీ, జనం బాగానే ఉన్నారుగా" అన్నాడు.

"అలిసిపోయాం" అంది.

అతను వెళ్లాక నేను తలుపు వేసి వచ్చాను. "నా కాళ్ల కోసమైతే వద్దు. నేను చేస్తాను. తూచి చేస్తున్నావుగా, అన్నీ కుదురుతున్నాయిగా."

"తూచి చెయ్యగలను" అంది ఆవ్రిల్. "కుదిరాయో లేదో ఎవర్ని అడగను?"

ఆవిడ కోపంగా అనలేదు. కప్పులు లెక్కపెట్టి పాత పేపర్లలో చుడుతూ, నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

ఇప్పుడు స్టేషను అవతల చిన్న ఇంట్లో ఉంటున్నాం. నదీ, నా బెంచీ రెండూ దగ్గరే. వంట ఇప్పటికీ ఆవ్రిలే చేస్తుంది, తక్కెడ పక్కన పెట్టుకుని. వాసన తిరిగి రాలేదు. నేను మాత్రం ప్రతి ముద్దకీ ఉన్నదున్నట్టు చెప్తాను. బంగాళాదుంప ఉడకలేదు అంటాను. చేప బాగుంది, నిమ్మరసం కాస్త ఎక్కువైంది అంటాను. నిన్న గ్రేవీ మాడువాసన వచ్చిందని చెప్పాను. ఆవిడ అవునా అంటుంది, నా పళ్లెం తీసి కడుగుతుంది.

ఎలా ఉందని మాత్రం మళ్లీ అడగలేదు.